ఎనిమిదో నంబరు కుడి బూటు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండూ పది. జూన్ మొదటి వారం. రోడ్డు అయిపోయిన చోట లారీ దిగి ఆరు గంటలు నడిచాం. వీపున ఇరవై రెండు కిలోలు, చేతిలో రైఫిలు, మోకాళ్ళ దాకా బురద. వాన పడుతోందా ఆగిందా అని అక్కడ ఎవరూ అడగరు. పైన ఆగిపోయాక కూడా చెట్ల కింద ఇంకో గంట కురుస్తూనే ఉంటుంది. ఈశాన్య సరిహద్దులో ఒక కొండ అది. నాలుగు బంకర్లు, ఒక వంటగది, చుట్టూ వెదురు కంచె. ఎత్తు ఎన్ని అడుగులో బోర్డు మీద రాసి ఉండేది. జలగలు అది చదవకుండానే పైకి వచ్చేవి.

నాది కాజీపల్లి. ఊరి చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచాక మా అన్న ఒకదాంట్లో పనికి కుదిరాడు. నేను ఫౌజులో చేరాను. ఇది తొంభైల మొదట్లో మాట, అప్పటికి నా సర్వీసు నాలుగేళ్ళు. ఫౌజు నుంచి వచ్చినవాణ్ణి జనం అడిగేవి రెండే. ఎందర్ని చంపినవ్, మందు కోటా ఎంత. ఆ పోస్టులో ఉన్న ఏడాదిలో నేను మనిషి మీద ఒక్క గుండూ కాల్చలేదు. కోటా అంతా జలుబుకే సరిపోయింది. నేను చెప్పేది బూట్ల సంగతి. ఆసక్తి లేనివాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఇప్పుడు నేను కాజీపల్లిలోనే ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ చూస్తున్నాను. పోయిన నెల మా ల్యాబులో పనిచేసే నలుగురు కుర్రాళ్ళు నర్సాపూర్ అడవిలో ఒక రాత్రి ఉండొస్తామని బయలుదేరారు. చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయలలు కొన్నారు. టార్చీలు, కోడిని కాల్చే కడ్డీ, దోమల మందు, అన్నీ నాకు చూపించారు.

"మరి రాత్రి చెప్పులు ఏడ పెడ్తరు?" అని అడిగాను.

నలుగురూ నవ్వారు. "కిందనే పెడ్తం సార్. ఇంకేడ పెడ్తం?"

నేనూ కిందే పెట్టాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా సెక్షన్‌లో పది మందిమి. హవల్దార్ పహాడీ, అంటే ఉత్తరాది కొండల మనిషి, నలభై దాటినవాడు, గొంతు పెంచడం ఎరగడు. నేను స్కౌట్‌ని. అంటే వరుసలో అందరికంటే ముందు నడిచేవాణ్ణి. దారి నరకడం, కాలిముద్రలు చూడటం నా పని. రేడియో ఆపరేటర్ మాత్రం నా వైపువాడే, సదాశివపేట. వాళ్ళది కిరాణా వ్యాపారం. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి. ఆ ఇంట్లో ఏడు తరాలుగా తక్కెడ తప్ప మరో ఆయుధం పట్టినవాడు లేడు. వీడెట్లా ఫౌజులో పడ్డాడో వాడికే తెలియదు. నేను వాణ్ణి సేటూ అనేవాణ్ణి. నాకు నాలుగెకరాలు ఉన్నాయని వాడు నన్ను పటేలా అనేవాడు. ఇద్దరికీ ఒకే వయసు, ఒకే నంబరు కాళ్ళు. ఎనిమిది.

పోస్టులో ఉన్న పదిహేనో రోజున మమ్మల్ని పెట్రోలింగ్‌కు పంపారు. పదకొండు రోజులు. కొండ అంచు వెంబడి వెళ్ళి సరిహద్దు రాళ్ళు చూసి రావాలి. అక్కడ నేల మీద పడుకునే వీల్లేదు. నేలంతా నీళ్ళు, జలగలు, తేళ్ళు. మనిషికొక గుడ్డ ఊయల ఇచ్చారు. ఫౌజులో దాన్ని హమాక్ అంటారు. ముత్తంగి దగ్గర రోడ్డు పక్కన లారీల కింద డ్రైవర్లు జోలెలు కట్టుకుని పగలు నిద్రపోతుంటే చూశాను గాని, నేనెప్పుడూ పడుకోలేదు.

సేటు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇరువై నాలుగేండ్లొచ్చినయి పటేలా. ఇంక తొట్టెల్ల పండుడేంది?"

"పండు, జోల పాడ్త."

"నువ్వు పాడితె జలగలు గూడ పారిపోతయి. జెర పాడు."

మొదటి సాయంత్రం హవల్దార్ హమాక్ పాఠం చెప్పాడు. తాడు నడుము ఎత్తులో. పైన వాన గుడ్డ. రైఫిలు ఒళ్ళో. మాతో వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్ మాట ఒకటి ఉంది: రోజుకు నాలుగు గంటలు కాళ్ళు తడి తోలులోంచి బయటికి రావాలి, లేకపోతే మేజోడుతో పాటు చర్మం ఊడొస్తుంది. అందుకని సగం మంది సాయంత్రం ఏడు నుంచి పదకొండు వరకు, మిగతా సగం తెల్లవారుజామున మూడు దాకా బూట్లు విప్పొచ్చు. చివరి జట్టు అందర్నీ లేపే నాలుగింటి దాకా విప్పి ఉంచినా హవల్దార్ ఏమీ అనేవాడు కాదు. నాది చివరి జట్టు.

బూట్ల గురించి హవల్దార్ హుకుం మాటకు మాట గుర్తుంది. "లేసులు రెండూ కలిపి ముడి వెయ్యండి. మూతి కిందికి ఉండాలి. తలవైపు తాడుకు కట్టండి. చెయ్యి చాపితే తగలాలి." మూతి కిందికి ఉంటే తేలు దూరదు, నీళ్ళు నిండవు. తలవైపు ఉంటే చీకట్లో వెతకనక్కర్లేదు. ఏదైనా జరిగితే మెడలో వేసుకుని పరుగెత్తొచ్చు. ఇందులో తప్పు పట్టేదేముంది? ఏమీ లేదు.

కాని నేను మా అమ్మ కొడుకుని. మా ఇంట్లో చెప్పులు గడప దాటి లోపలికి రావు. అన్న ఫ్యాక్టరీ బూట్లకు మందు వాసన ఉంటుందని వాటికి గేటు బయటే చోటు. చెప్పు బోర్లా పడితే ఆ రోజు ఇంట్లో కొట్లాట ఖాయమని అమ్మ నమ్మకం. అన్నంలో చెయ్యి పెట్టినా వదిలేసి లేచివచ్చి దాన్ని సరిచేసేది. ఇక చెప్పు తల దగ్గరికి రావడమంటే చావు ఇంట్లోకి వచ్చినట్టే. అదీ గాక నేను ఊరి నుంచి బయలుదేరేటప్పుడు కొమురెల్లి మల్లన్న బండారిని అమ్మ చిన్న గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. దేవుడి పసుపు. అది నా తలవైపు తాడుకు కట్టి ఉంది. దాని పక్కన, బోర్లా, బురద బూట్లు కట్టమంటున్నాడు హవల్దార్.

"సాబ్, కాళ్ళ వైపు కట్టుకుంటాను" అన్నాను.

"కట్టుకో. కట్టి, పడుకుని, అందుకో చూద్దాం."

పడుకుని కాళ్ళ వైపు వంగాను. హమాక్ తిరగబడింది. బురదలో బోర్లా పడ్డాను. మా గన్నర్ నవ్వలేక చెట్టు పట్టుకున్నాడు.

హవల్దార్ మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టి లేపాడు. కారణం చెప్పమంటే చెప్పాను, పసుపు సంగతి కూడా. ఆయన ఒక క్షణం మూటను చూసి, "దేవుడికి కోపమొస్తే నా పేరు చెప్పు. హుకుం నాదని చెప్పు" అన్నాడు. మంచి మనిషి. అంత మంచిగా చెప్పినా నా తలకు ఎక్కలేదు.

ఆయన తనిఖీకి వచ్చేసరికి బూట్లు తలవైపు తాడుకు కట్టి ఉండేవి. ఆయన అటు వెళ్ళగానే విప్పి కింద పెట్టేవాణ్ణి. పక్కపక్కన, ముక్కులు బయటికి, మూతుల్లో మేజోళ్ళు కుక్కి. రెండో రోజు వాటి ముందు ఒక వెదురు బద్ద కూడా అడ్డంగా వేశాను. ఎందుకు వేశానో అప్పుడు తెలియలేదు. సేటు చూసి చెప్పాడు.

"గడప గూడ పెట్టినవా? ఇగ పసుపు బొట్లు పెట్టి తోరణం కట్టు."

"నువ్వు తలకాడ పెట్టుకున్నవ్ గద. మీ అమ్మ సూస్తే?"

"మా అమ్మ సూస్తే నాతోటి నెత్తిస్నానం చేయించి ఇల్లంత కడుగుతది. మీ అమ్మకన్న రెండాకులు ఎక్కువ సదివింది. గనీ ఈడ మా అమ్మ లేదు, హవల్దార్ ఉన్నడు." తన బూట్ల ముడి బిగిస్తూ అన్నాడు, "పటేలా, మల్లన్న నిన్ను సూస్కుంటడు. బూట్లను సూస్కునే పని ఆయనది గాదు. మీదికి కట్టు."

కట్టలేదు. ఐదు రాత్రులు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా తెలివి అనుకున్నాను.

ఆరో రోజు ఒక వాగుకు నలభై అడుగుల దూరంలో ఆగాం. మా మీద వాన లేదు. పై కొండల మీద ఉంది. నిద్రలో కింద నీళ్ళ చప్పుడు విన్నాను. ఆ చప్పుడు రోజూ ఉండేదే, అటు తిరిగి పడుకున్నాను. నాలుగూ ఐదుకు అందర్నీ లేపారు. సరిహద్దులో పొద్దు పొడిచే వేళకు ప్రతివాడూ బూట్లతో, రైఫిలుతో తన చోట ఉండాలి. కాలు కింద పెట్టాను. మడమ దాకా చల్లటి ఒండ్రు. వెదురు గడప లేదు. ఎడమ బూటు చెట్టువేరుకు చిక్కుకుని ఉంది. కుడిది లేదు.

ఇరవై నిమిషాలు వాగు వెంబడి వెతికాం. హవల్దార్ కూడా వెతికాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. వెనక్కి వచ్చి అందర్నీ నిలబెట్టి ఒకటే అడిగాడు. "ఎనిమిదో నంబరు ఎవరెవరిది?"

పోస్టుకు నాలుగు రోజుల నడక. మనిషికొక జత గుడ్డ బూట్లు ఉన్నాయి, కసరత్తుకు వేసుకునే తెల్లవి. వాటి అడుగు చపాతీ మందం. స్కౌట్ తొక్కని నేల మీద ముందు కాలు పెట్టేవాడు. మధ్యలో నడిచే వాడికి ముందువాళ్ళు తొక్కిన దారి ఉంటుంది. కాబట్టి తోలు బూటు స్కౌట్‌కు కావాలి. లెక్క సరిగ్గానే ఉంది. తప్పు చేసిన వాడికే బూటు వచ్చింది.

"సాబ్, తప్పు నాది. గుడ్డ బూటుతో నేనే ముందు నడుస్తాను."

"నీ కాలికి దెబ్బ తగిలితే పది మందీ ఆగిపోతారు. తప్పు ఎవరిదని నేను అడగలేదు. నంబరు అడిగాను."

సేటు అప్పటికే రాయి మీద కూర్చుని కుడి బూటు లేసు విప్పుతున్నాడు. విప్పి, దులిపి, నాకు అందించాడు. "పట్టు పటేలా. మీ వాగు మింగినట్లు దీన్ని గూడ మింగిపియ్యకు."

నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు. "అరె, పరేషాన్ గాకు. నాలుగు దినాలే గద."

ఆ బూటు నా కాలికి కుట్టించినట్టు సరిపోయింది. లోపల ఇంకా వాడి కాలి వెచ్చదనం ఉంది. ఏడ్చాను. అప్పటికి వాన మా మీదికీ వచ్చింది, ఎవరికీ తెలియలేదు.

ఆ మర్నాడు ఉదయం పది నలభై. దిగుడు దారి, వెదురు పొద. ముందు నడిచేది నేను, దావుతో, అంటే అక్కడివాళ్ళ పొడవాటి కత్తితో, నరికేది నేను. వెదురును ఏటవాలుగా నరికితే నేల మీద మిగిలే మోడు ఈటె మొన లాగా ఉంటుంది. నేను దాటాను, నా వెనకవాడు దాటాడు, తరవాతి ఇద్దరు దాటారు. ఐదోవాడు సేటు. "అమ్మా" అని చిన్నగా వినిపించింది. మోడు గుడ్డ బూటు అడుగులోంచి దిగి పాదం పైకి వచ్చింది. ఆ మోడు నేను నరికిందేనా, పాతదా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. తేలలేదు.

నర్సింగ్ అసిస్టెంట్ కట్టు కట్టాడు, సూది వేశాడు. సేటు చెట్టుకు ఆనుకుని రేడియో తనే తెరిచాడు. ఆ సెట్టు ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

"ఒకరికి గాయం. నడవలేడు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"ఎవరికి గాయం? ఓవర్."

"రేడియో ఆపరేటర్‌కు. ఓవర్."

కాసేపు గరగర. "మరి మాట్లాడేది ఎవరు? ఓవర్."

"రేడియో ఆపరేటరే. ఓవర్."

మేఘం కొండల మీద కూర్చుని ఉంది. హెలికాప్టర్ రాదన్నారు. వాడి హమాక్‌నే రెండు వెదురు బొంగులకు కట్టి డోలీ చేశాం. ఇద్దరిద్దరం మోశాం. గంటకొకసారి చేతులు మార్చుకున్నాం. నేను మార్చుకోలేదు. హవల్దార్ రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. స్కౌట్ పని గన్నర్‌కు ఇచ్చాడు.

సాయంత్రం ఆగినప్పుడు వాడి ఎడమ బూటు విప్పాను. విప్పి, లేసు ముడేసి, మూతి కిందికి చేసి వాడి తలవైపు బొంగుకు కట్టాను. నావి కూడా నా తలవైపు తాడుకు కట్టాను. ఒకటి నాది, ఒకటి వాడిది. బూటు నీళ్ళు పసుపు మూట మీద కారాయి. మల్లన్న ఏమీ అనలేదు. అదే పని రెండు రాత్రుల ముందు చేసి ఉంటే అప్పుడూ ఏమీ అనేవాడు కాదు.

సేటుకు జ్వరం మొదలైంది. కళ్ళు మూసుకునే అన్నాడు. "ఇప్పుడు మంచిగ కట్టినవ్ పటేలా."

"సేటూ, నన్ను తిట్టు."

"తిడ్త. ఇంటికి పోయినంక తిడ్త. ఈడ తిడితె హవల్దార్‌కు తెలుగు సమజ్ గాదు, మజా రాదు."

మూడో రోజు పదకొండూ ఇరవైకి మేఘం అర్ధగంట విడిచింది. పోస్టు కింద చదునులో హెలికాప్టర్ దిగింది. పాదం అప్పటికి నలుపు తిరిగింది. ఆ వాసన నేను చెప్పను. వాణ్ణి ఎక్కించేటప్పుడు నేను కుడి బూటు విప్పడం మొదలుపెట్టాను. వాడు తల అడ్డంగా ఊపాడు. రెక్కల హోరులో నోరు మాత్రం కదిలింది. ఏమన్నాడో వినపడలేదు. తొమ్మిది రోజుల తరవాత రేడియోలో కబురు వచ్చింది. చీలమండ పైన నాలుగు వేళ్ళ ఎత్తులో కాలు తీసేశారు.

కొత్త జత బూట్లు ఐదు వారాలకు వచ్చాయి. అప్పటిదాకా వాడి బూటుతోనే నడిచాను. తరవాత దాన్ని కడిగి, పాలిష్ చేసి, నా పెట్టెలో అడుగున పెట్టాను. పోస్టులో మిగిలిన నెలలు గడిచాయి. చలికాలం వచ్చింది, పోయింది. మళ్ళీ జూన్ వచ్చింది. మా బదులు వేరే సెక్షన్ వచ్చింది. పోస్టు దిగేముందు హవల్దార్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ బూటు పెట్టెలో ఉంచకు. ఇచ్చిరా" అన్నాడు. ఆయన నా పెట్టె ఎప్పుడు చూశాడో తెలియదు.

రైలు, తరవాత బస్సు. పటాన్‌చెరు దగ్గర పడగానే ఫ్యాక్టరీల ఘాటుకు బస్సులో అందరూ కిటికీలు మూశారు. నేను తెరిచాను. ఏడాది తరవాత మా ఊరి వాసన అది. ఇంటి ముందుకు వచ్చేసరికి అమ్మ చీపురు చేతిలో పట్టుకుని నిలబడింది. ఏడుస్తూనే అరిచింది. "బూట్లు బయట ఇడువు బిడ్డా! బయట!" విడిచాను. ముక్కులు బయటికి. రెండు రోజులు ఇల్లు కదల్లేదు. మూడో రోజు బూటును సంచిలో వేసుకుని సదాశివపేట బస్సెక్కాను.

దుకాణం బజారులోనే ఉంది. సాయంత్రం ఐదున్నర. సేటు గద్దె మీద కూర్చుని ఎవరికో కందిపప్పు తూస్తున్నాడు. లావయ్యాడు. నన్ను చూసి తక్కెడ అట్లాగే వదిలేశాడు. "పటేలు వచ్చిండు! అమ్మా, కాజీపల్లి పటేలు వచ్చిండు! దుకాణంల మాలంత తిని పోతడు, బియ్యం ఎక్కువ పెట్టు!" అని లోపలికి కేక వేశాడు.

గడప దగ్గర అలవాటుగా వంగి చెప్పులు విడవబోయాను. దుకాణం వెనకే ఇల్లు. వాళ్ళమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. సన్నటి మనిషి. నుదుటి మీద విబూది.

"బయట ఇడువకు బిడ్డా. లోపటికి తెచ్చుకో. మంచం పక్కకు పెట్టుకో."

తప్పు విన్నాననుకున్నాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది. రెండాకులు ఎక్కువ చదివిన ఇల్లు అది. చెప్పులు చేతిలో పట్టుకుని దొంగలా లోపలికి నడిచాను.

టీ తాగాం. సేటు పోస్టు కబుర్లు అడిగాడు. గన్నర్ పెళ్ళయిందా, వంటవాడు పప్పులో ఇంకా రాళ్ళు వేస్తున్నాడా. సాయంత్రమయ్యేసరికి కాలి మోడు వాస్తుందట, అందుకని చీకటి పడకముందే పెట్టుడు కాలు విప్పేస్తాడు. మంచం మీద కూర్చుని పట్టీలు విప్పాడు. ఫౌజు ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాలు. దానికి గోధుమరంగు బూటు తొడిగే ఉంటుంది, ఎప్పుడూ విప్పరు. వాళ్ళమ్మ వచ్చి రెండు చేతులతో దాన్ని అందుకుంది.

"సూసినవా కొడుకా," అంది నాతో. "చెప్పులు గడప బయటనే ఇడువాలె, తలకాడికి రావద్దు, బోర్లిచ్చి పెట్టద్దు. చిన్నప్పటి సంది వీని నెత్తిల నేనే పోసిన. ఆడ అడివిల ఆఫీసరు మీద కట్టుమంటె వీడు నా మాటిని కింద పెట్టిండట. వాగుల కొట్టుకపోయిందట. దావకానకెళ్ళి ఉత్తరం రాసిండు. నా మాటనే నా కొడుకు కాలు తీసింది."

నేను సేటు వైపు చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు. హెలికాప్టర్‌లో ఊపినట్టే, అదే ఊపు. నన్ను కాపాడటానికి రాసిన అబద్ధం అది. అది ఎవరి మీద పడుతుందో రాసేటప్పుడు వాడు చూసుకోలేదు. తరవాత చూసుకుని ఉంటాడు. కాని అప్పుడు నిజం చెబితే నా పేరు చెప్పాలి. ఇంటికి వచ్చినప్పటి నుంచి వాళ్ళమ్మ ముఖం రోజూ చూస్తూ నోరు మూసుకున్నాడు. ఆ క్షణంలో వాడి మీద నాకు కోపం కూడా వచ్చింది. ఆ బరువు నాది, వీడెందుకు ఎత్తుకోవాలి, ఆమె ఎందుకు మొయ్యాలి?

సంచిలోంచి బూటు తీసి ఆమె ముందు పెట్టాను.

"అమ్మా, ఇది మీ కొడుకుది. కుడికాలి బూటు. వాగుల పోయింది వానిది గాదు, నాది. కింద పెట్టింది నేను. వాడు మంచిగ మీదికే కట్టుకున్నడు. నా బూటు పోతె ఇది ఇప్పి నాకిచ్చిండు. గుడ్డ బూటు ఏస్కొని నడిచిండు. మీ మాట ఏం చెయ్యలే అమ్మా. నేను చేసిన."

"పటేలా, ఊకో రా," అన్నాడు సేటు.

ఆమె బూటునే చూసింది. బయట దుకాణంలో ఎవరో చింతపండు అడుగుతున్నారు. ఆమె తిడుతుందని నిలబడ్డాను. తిట్టించుకోవడానికే వచ్చాను. ఆమె కొడుకు వైపు తిరిగి, "అబద్ధం రాసినవా నాకు?" అంది. వాడు తల దించుకున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఒక్కసారి ఏడ్చింది. అది సగం దుఃఖం, సగం ఊపిరి. ఏడాదిగా పట్టుకున్న ఊపిరి.

బూటును రెండు చేతులతో నా వైపు జరిపింది. "ఇది నువ్వే ఉంచుకో. ఏపారం చేసేటోళ్ళం, అమ్మింది వాపసు తెస్తే తీస్కుంటం. ఇచ్చింది తీస్కోము."

"అమ్మా..."

"ఒక మాట చెప్పు. చెప్పులు తలకాడ పెట్టద్దని నీకెవరు చెప్పిన్రు? మీ అమ్మనేనా?"

"మా అమ్మనే."

"బతికున్నదా?"

"ఉన్నది."

"అయితె మీ అమ్మకు ఈ సంగతి చెప్పకు బిడ్డా. ఎన్నడు చెప్పకు. నాకు ఏడాది ఎట్ల గడిచిందో నాకెరుక."

మాటిచ్చాను. నిలబెట్టుకున్నాను. మా అమ్మ పోయిన ఏడాది పోయింది. ఆఖరి వారం దాకా, నేను డ్యూటీ నుంచి వస్తే మంచం మీంచే "బూట్లు బయట" అనేది. బయటే విడిచేవాణ్ణి, ముక్కులు బయటికి పెట్టి. బోర్లా పడితే సరిచేసేవాణ్ణి. ఆమెకు ఏమీ తెలియలేదు. ఇప్పుడు రాయొచ్చనిపించి రాశాను. సేటుకు చదివి వినిపించాను కూడా. తన కంటె నాకే ఎక్కువ డైలాగులు ఉన్నాయని వాడి ఫిర్యాదు.

నర్సాపూర్ వెళ్ళిన కుర్రాళ్ళు క్షేమంగా తిరిగొచ్చారు. నేను చెప్పినట్టే బూట్లు తలవైపు కట్టుకున్నామని ఫొటో చూపించారు. నాలుగు జతలు, మూతి కిందికి. చాలాసేపు చూశాను ఆ ఫొటోను.

కాని నా కళ్ళ ముందు నిలిచేది అది కాదు. ఆ సాయంత్రం సదాశివపేటలో, నాతో ఆ మాట తీసుకున్నాక, ఆమె కొడుకు పెట్టుడు కాలును మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది. ఇక అలా చెయ్యాల్సిన అవసరం లేదు, తన తప్పు కాదని తెలిసిపోయింది. అయినా కొంగుతో ఆ బూటు అడుగు తుడిచింది. లేసు సరిచేసింది. వంగి, దేవుడి పటాల కింద, వాడి దిండు పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పెట్టింది.